మేడారానికి చేతిలో 48 జీబీ: రా తీయాలా, జేపెగ్ చాలా?

ములుగు_కుర్రాడు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాణ్ణి, ఇదే మొదటి పోస్టు.

నా దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నికాన్ డీ5600 ఉంది. కిట్ లెన్స్ 18-55, ఇంకొకటి 35 ఎంఎం 1.8. వచ్చే వారం మేడారం జాతరకి ఇంటిల్లిపాదీ పోతున్నాం, నాలుగు రోజులూ అక్కడే గుడారంలో మకాం. 2024 ఫిబ్రవరి జాతరకి ఫోన్‌తోనే తీశాను. సారలమ్మను కన్నెపల్లి నుంచి గద్దె మీదికి తెచ్చిన రాత్రి తీసినవన్నీ పసుపు ముద్దలే, ఒక్క ముఖం గుర్తుపట్టలేం. అందుకే ఈసారి కెమెరా.

ఇబ్బంది ఏంటంటే కార్డు. పోయిన నెల ఆన్‌లైన్‌లో తక్కువకి వస్తోందని 64 జీబీది ఒకటి కొన్నాను. చిన్నమ్మ కొడుకు పుట్టినరోజుకి వాడితే మొదటి ఆరేడు వందల ఫొటోలు బాగున్నాయి, ఆ తర్వాతవి పైన సగం కేకు, కింద సగం బూడిద రంగు. చివరివి అసలు తెరుచుకోలేదు. ఇక మిగిలినవి పాత 32 జీబీ ఒకటి, 16 జీబీ ఒకటి. ల్యాప్‌టాప్ తీసుకుపోను, గుడారంలో దానికి కాపలా కాయడం నా వల్ల కాదు.

మెనూలో ఇమేజ్ క్వాలిటీ కింద ఏడు రకాలు, ఇమేజ్ సైజ్ కింద మూడు ఉన్నాయి. ఏది పెడితే నాలుగు రోజులు గట్టెక్కుతాను? ఇంకో కార్డు కొనమనే ముందు ఒక మాట: కొంటాను, కానీ ఈ వారంలోపు నమ్మకమైనది చేతికొస్తుందన్న ధీమా లేదు.

డల్లాస్_బావ | సోమవారం, రాత్రి 10:05

ఇంకో కార్డు కొను తమ్ముడూ. నలుగురు సినిమాకి వెళ్లొచ్చే ఖర్చు. దీనికింత చర్చ ఎందుకు?

ములుగు_కుర్రాడు | సోమవారం, రాత్రి 10:11

బావగారూ, చివరి వాక్యం దాకా చదవలేదు కదా మీరు :)

లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 10:58

బాబూ, ముందు ఆ రెండు మెనూలు వేర్వేరని తెలుసుకో. చాలామంది అక్కడే తప్పులో కాలేస్తారు.

మీ వైపు పత్తి బాగా పండుతుంది కాబట్టి దాంతోనే చెబుతాను. ఇమేజ్ సైజ్ అంటే బోరెంలో, అదే పెద్ద గోనె సంచిలో, ఎంత పత్తి వేశావన్నది. ఇమేజ్ క్వాలిటీ అంటే ఆ పత్తిని ఎంత గట్టిగా తొక్కావన్నది. లార్జ్ నుంచి మీడియంకి దిగితే పత్తి చేలోనే వదిలేసి వచ్చినట్టు. ఫైన్ నుంచి నార్మల్‌కి దిగితే పత్తంతా వచ్చింది, కాస్త నలిగింది.

నీ కెమెరాలో లార్జ్ అంటే 6000 × 4000 పిక్సెళ్లు, అంటే 24 మెగాపిక్సెల్. మీడియం 4496 × 3000, పదమూడున్నర. స్మాల్ 2992 × 2000, ఆరు. స్మాల్‌లో వెడల్పు సగమైందంటే మొత్తం పిక్సెళ్లు పావుకి పడిపోయినట్టు, ఇది గుర్తుంచుకో. క్వాలిటీకి వస్తే, జేపెగ్ అంటే కెమెరా కుదించి దాచే ఫొటో. అందులో నికాన్ ఫైన్‌ని సుమారు 1:4, నార్మల్‌ని 1:8, బేసిక్‌ని 1:16 చొప్పున కుదిస్తుంది. అంటే ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ఫైలు సగమవుతుంది.

లార్జ్‌లో ఫైన్ ఫొటో దాదాపు 12 ఎంబీ, నార్మల్ 6, బేసిక్ 3. రా అంటే కెమెరా వండకుండా ఉంచిన పచ్చి ఫైలు, అది 14 బిట్లలో 24, 25 ఎంబీ దాకా వస్తుంది. నీ 32 జీబీ కార్డుకి భాగహారం చేస్తే:

రా ఒక్కటే అయితే 1,280 దాకా. రా, ఫైన్ రెండూ కలిపి అయితే 860. ఫైన్ అయితే 2,600. నార్మల్ అయితే 5,000 దాటుతుంది. 16 జీబీ కార్డుకి ఇందులో సగం.

ఇవి కచ్చితమైన అంకెలు కావు. జేపెగ్ సైజు ఫొటోలో ఉన్న సరుకుని బట్టి మారుతుంది. ఖాళీ ఆకాశం తీస్తే చిన్న ఫైలు, ఆకులూ జనమూ కిక్కిరిసి ఉంటే పెద్ద ఫైలు. జాతరలో ఖాళీ ఆకాశం ఎక్కడ దొరుకుతుంది నీకు! పైగా రాత్రి చీకటికి సరిపడేలా ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుతురుని పట్టే శక్తి, 6400కి పెంచితే నాయిస్ వస్తుంది, ఆ ఇసకంతా కూడా ఫైల్లోకి ఎక్కుతుంది కాబట్టి ఇంకా లావవుతుంది. లెక్కలో పదిహేను శాతం వదిలెయ్.

తెనాలి_స్టూడియో | సోమవారం, రాత్రి 11:30

మాస్టారి లెక్కకి నా ఓటు. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. లార్జ్, నార్మల్ పెట్టేసి మర్చిపో తమ్ముడూ.

రీలు రోజుల్లో ఒక రోల్‌కి 36 ఫొటోలు. పెళ్లికి పది రోల్స్ ఇస్తే అదే మహారాజు పెళ్లి. తాళి కట్టే టైముకి రోల్ అయిపోతే మా గురువుగారు అక్షింతలతో పాటు తిట్లూ వేసేవారు. నీకు 5,000 ఫొటోల చోటుంది. ఇంకా టెన్షన్ ఎందుకు?

ప్రింటు లెక్క చూడు. మామూలు 4×6 ఫొటోకి 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, కావలసింది 1800 × 1200, అంటే రెండు మెగాపిక్సెల్ చిల్లర. 8×12కి ఎనిమిదిన్నర. గోడకి పెట్టే 12×18కి 19 దాకా కావాలి. ఫ్లెక్సీ సంగతి అడక్కు, దాన్ని దూరం నుంచి చూస్తారు, తక్కువైనా నడుస్తుంది. లార్జ్‌లో తీస్తే వీటన్నిటికీ సరిపోతుంది. ఫైన్‌లో తీశావా నార్మల్‌లో తీశావా అని ఆల్బమ్ చూసి చెప్పిన కస్టమర్ నాకింతవరకు తగల్లేదు. చీర రంగు మారిందని మాత్రం ప్రతి పెళ్లికీ ఒకరు చెబుతారు.

నీలిరెక్కలు | మంగళవారం, ఉదయం 6:15

తెనాలి అన్నా, క్షమించాలి, ఈ సలహాతో ఏకీభవించను. పెళ్లి మండపంలో లైటు మీ చేతిలో ఉంటుంది. రాత్రి మేడారంలో ఎవరి చేతిలో ఉంటుంది?

నేను నేలపట్టులో, పులికాట్‌లో పక్షులు తీస్తాను. పదేళ్లుగా రా తప్ప వేరేది తీయలేదు. కారణం సింపుల్. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 8 బిట్లు, అంటే 256 మెట్లు. 14 బిట్ల రాలో 16,384 మెట్లు. చీకట్లో ఉన్న ముఖాన్ని తర్వాత పైకి లేపాలంటే ఆ మెట్లు కావాలి. జేపెగ్‌లో లేపితే చెంపల మీద మరకలు తేలతాయి.

ఇంకోటి, వైట్ బ్యాలెన్స్, అంటే లైటు రంగుని బట్టి ఫొటో రంగుల్ని సరిచేయడం. రాలో అది ఒక చీటీ లాంటిది, తర్వాత మార్చుకోవచ్చు. జేపెగ్‌లో పాలల్లో కలిసిన పంచదార, తీయలేం. అక్కడ రాత్రి ఒక పక్క పసుపు లైట్లు, ఇంకో పక్క తెల్ల ఎల్ఈడీలు, మధ్యలో దీపాలు. కెమెరా ఏ లైటుని నమ్ముకోవాలి? కుర్రాడు పోయినసారి తీసిన పసుపు ముద్దల వెనక సగం కథ అదే.

అన్నిటికన్నా ముఖ్యం, కుంకుమ. నుదుట బొట్టు, చేతుల్లో బరిణె, చుట్టూ ఎర్ర చీరలు. జేపెగ్‌లో ఎరుపు చానల్ అన్నిటికన్నా ముందు నిండిపోతుంది. బొట్టు బొట్టులా ఉండదు, ఎర్ర స్టిక్కర్ అంటించినట్టు ఉంటుంది.

రా తియ్యి. 1,280 తక్కువనుకుంటే వేలు అదుపులో పెట్టుకో.

తెనాలి_స్టూడియో | మంగళవారం, ఉదయం 8:02

నీలిరెక్కలు గారూ, ఎర్ర చీర కష్టాలు మీకన్నా నాకే ఎక్కువ తెలుసు :) దానికి మందు రా ఒక్కటే కాదు. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7కి దించి, పిక్చర్ కంట్రోల్ వివిడ్ మీద ఉంటే న్యూట్రల్‌కి మారిస్తే చాలావరకు నిలబడుతుంది. రంగుకి, ఎవరిదైనా తెల్ల పంచె మీద ఆ లైటు పడేట్టు చూసి వైట్ బ్యాలెన్స్ ప్రీసెట్ కొట్టుకోవడమే. జాతరలో తెల్ల పంచెలకి కరువా?

కానీ చీకట్లో ముఖాల మాట ఒప్పుకుంటాను. అక్కడ మీరే కరెక్టు.

డల్లాస్_బావ | మంగళవారం, ఉదయం 8:40

పెద్ద కార్డు కొంటే ఇద్దరూ కరెక్టే.

పలాస_పంతులమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

స్కూల్లో భోజనాల టైములో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. రా సంగతి నాకు తెలియదు. స్మాల్ సైజు సంగతి మాత్రం తెలుసు.

2005లో మా అన్నయ్య మొదటి జీతంతో 3.2 మెగాపిక్సెల్ కెమెరా కొన్నాడు. దానితో వచ్చిన కార్డు 16 ఎంబీ. జీబీ కాదండీ, ఎంబీ. పూర్తి సైజులో పది ఫొటోలకే నిండిపోయేది. ఇంకో కార్డు కొనాలంటే అప్పట్లో సగం జీతం అన్నంత బెంగ. అందుకని తెలివిగా 640 × 480 పెట్టాం, వందకి పైగా పట్టేవి. ఆ సంక్రాంతి మొత్తం అలాగే తీశాం. కంప్యూటర్ తెర మీద బ్రహ్మాండంగా కనిపించేవి, ఎందుకంటే ఆ తెరే అంతంత మాత్రం.

అందులో మా మామ్మ వీధి అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు కొడుతూ, ఎవరినో తిడుతూ, మధ్యలో కెమెరా చూసి నవ్విన ఫొటో ఒకటి ఉంది. ఆవిడ పోయాక పెద్దకర్మకి అదే ఫ్రేము కట్టిద్దామని స్టూడియోకి తీసుకెళ్లాం. ముఖం వరకు కత్తిరిస్తే వెడల్పు 70 పిక్సెళ్లు కూడా లేదు. స్టూడియో అబ్బాయి జూమ్ చేసి చూపించాడు, చదరాలు చదరాలుగా ఉంది, నవ్వుందో లేదో తెలియలేదు. చివరికి ఓటరు కార్డు మీది ఫొటో పెద్దది చేసి పెట్టారు. అందులో మామ్మ పోలీసుల ముందు నిలబడినట్టు ఉంటుంది.

బాబూ, ఏం తగ్గించినా తగ్గించు, సైజు మాత్రం తగ్గించకు.

లెక్కల_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 2:05

పంతులమ్మ గారూ, 640 పిక్సెళ్లని 300 డీపీఐలో ప్రింటు తీస్తే రెండంగుళాల చిల్లర వస్తుంది. పాస్‌పోర్టు ఫొటోకన్నా కాస్త పెద్దది, అంతే. నేను రాత్రి పత్తి అని ఎన్ని మాటలు చెప్పినా మీ మామ్మగారి ఫొటో ముందు దిగదుడుపే.

ములుగు_కుర్రాడు | మంగళవారం, రాత్రి 10:30

మేడం, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. స్మాల్ ఆప్షన్ మీద మనసు విరిగిపోయింది.

సాయంత్రం ఇంట్లో ఒక పరీక్ష పెట్టాను. అమ్మ పెళ్లి పట్టుచీర కుర్చీ మీద పరిచి, కెమెరా స్టూలు మీద కదలకుండా పెట్టి, లార్జ్‌లో ఫైన్, నార్మల్, బేసిక్ మూడూ తీశాను. మీడియం ఫైన్ ఒకటి. తర్వాత మేడ మీదికి వెళ్లి పొద్దుగూకే ఆకాశం కూడా అలాగే.

ఫైన్‌కి నార్మల్‌కి తేడా వంద శాతం జూమ్‌లో పావుగంట వెతికాను. జరీ అంచు దగ్గర చిన్న దుమ్ములా ఏదో ఉందనిపించింది, కళ్లు మూసి తెరిస్తే ఏది ఏదో చెప్పలేకపోయాను. మా చెల్లిని అడిగితే నార్మల్‌నే ఫైన్ అంది. బేసిక్ మాత్రం దొరికిపోయింది. జరీ చుట్టూ ముసురు, ఆకాశంలో రంగు మెల్లగా మారాల్సిన చోట మెట్లు మెట్లుగా గళ్లు.

అసలు ఆశ్చర్యం మీడియం ఫైన్. ఫైలు సైజు లార్జ్ నార్మల్‌తో దాదాపు సమానం, ఇంకా కాస్త ఎక్కువే. కానీ అంచులోని నెమలిని కత్తిరించి పెద్దది చేస్తే లార్జ్ నార్మల్‌లో నెమలి కన్ను కనిపిస్తోంది, మీడియం ఫైన్‌లో చుక్కే.

నీలిరెక్కలు | మంగళవారం, రాత్రి 10:52

శభాష్. ఇలాంటివి మనమే తీసి చూసుకోవాలి. ఆ గళ్లకి కారణం చెబుతాను. జేపెగ్ బొమ్మని 8 × 8 పిక్సెళ్ల గడులుగా కోసి ఒక్కో గడినీ విడిగా కుదిస్తుంది. గట్టిగా కుదిస్తే పక్కపక్క గడులకి పొసగక గీతలు బయటపడతాయి. ఆకాశం లాంటి నున్నటి చోట దాక్కోవడానికి వాటికి చోటుండదు.

పక్షి ఫొటోల్లో మేం సగం ఫ్రేము కత్తిరించేస్తాం, అందుకే లార్జ్ తప్ప వేరే మాట మా దగ్గర ఉండదు. జాతరలోనూ అంతే. గద్దెల దగ్గరికి నువ్వు వెళ్లలేవు, జనం మీదుగా దూరం నుంచి తీస్తావు, తర్వాత కత్తిరిస్తావు.

సరే, నేనూ ఒక మెట్టు దిగుతున్నాను. పగలు జేపెగ్ తీసుకో. రాత్రికి మాత్రం రా.

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 11:15

ఆ మార్పిడికి మెనూలో వెతుక్కోనక్కర్లేదు. ఐ బటన్ నొక్కితే క్వాలిటీ అక్కడే ఉంటుంది. ఇంకో కిటుకు: కస్టమ్ సెట్టింగ్ మెనూలో కంట్రోల్స్ కింద ఎఫ్ఎన్ బటన్‌కి ప్లస్ రా అన్న పని అప్పగించు. జేపెగ్‌లో ఉండగా కష్టమైన దృశ్యం ఎదురైతే ఆ బటన్ ఒకసారి నొక్కి తియ్యి, ఆ ఒక్క ఫొటోకి రా కాపీ కూడా పడుతుంది. తర్వాత దానంతటదే మామూలు అయిపోతుంది. కార్డు చిన్నదైనవాళ్లకి ఇంతకన్నా మంచి బటన్ లేదని నా అభిప్రాయం. నికాన్ వాళ్లు దాన్ని మెనూ లోపల ఎక్కడో పాతిపెట్టారు.

రాత్రి తీసిన రా ఫైళ్లతో కార్డు నిండుతుంటే, తెల్లారి తీరిగ్గా కూర్చున్నప్పుడు రీటచ్ మెనూలో రా ప్రాసెసింగ్ తెరువు. అక్కడే వైట్ బ్యాలెన్స్, వెలుతురు సరిచేసి జేపెగ్‌గా సేవ్ చేసుకోవచ్చు. నచ్చినవాటి రా ఉంచుకో, మిగతావాటివి తీసెయ్.

రా ఫైలు 14 బిట్లకి బదులు 12 బిట్లలో కూడా తీయొచ్చు. 4,096 మెట్లు, ఫైలు ఐదో వంతు దాకా తగ్గుతుంది. ఐఎస్‌ఓ 3200 పైన తీసేవాటిలో ఆ తేడా నాయిస్‌లోనే కలిసిపోతుంది, నష్టం లేదు.

తెనాలి_స్టూడియో | బుధవారం, ఉదయం 7:45

మాస్టారూ, కెమెరాలో డిలీట్ చేయమని కుర్రాళ్లకి చెప్పకండి. కళ్లు మండుతూ, నిద్ర లేక, మూడంగుళాల తెర మీద... మా అసిస్టెంటు ఒకడు మంగళస్నానాలు మొత్తం లేపేశాడు.

లెక్కల_మాస్టారు | బుధవారం, ఉదయం 8:10

అందుకే ముందు తాళం. ఫొటో చూస్తున్నప్పుడు తాళం గుర్తున్న బటన్ నొక్కితే ప్రొటెక్ట్ అవుతుంది, డిలీట్ ఆల్ కొట్టినా పోదు. ఫార్మాట్ కొడితే మాత్రం పోతుంది, ఆ తాళం అక్కడ పనిచేయదు. ఒకవేళ చెయ్యి జారితే వెంటనే ఆ కార్డు బయటికి తీసి పక్కన పెట్టాలి. దాని మీద కొత్తగా ఏమీ రాయకపోతే ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తిరిగొస్తాయి.

డల్లాస్_బావ | బుధవారం, ఉదయం 9:30

సరే, కార్డు మాట ఎత్తను. ఫోన్ ఎంత జీబీ?

ములుగు_కుర్రాడు | బుధవారం, ఉదయం 9:34

128. అందులో 50 దాకా ఖాళీ ఉంది బావగారూ.

డల్లాస్_బావ | బుధవారం, ఉదయం 9:50

మరి 48 జీబీ అంటావేంటి? నీ దగ్గర ఉన్నది 98. టైప్-సీ కార్డు రీడర్ ఒకటి కొను, ఏ మొబైల్ షాపులోనైనా దొరుకుతుంది. కార్డు అందులో పెట్టి ఫోన్‌కి తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లోకి కాపీ. కార్డు ఖాళీ చేయకపోయినా రెండో చోట కాపీ ఉంటుంది, కార్డు వాగులో పడినా ఏడవక్కర్లేదు.

స్నాప్‌బ్రిడ్జ్ యాప్‌ని నమ్ముకోకు. అది బ్లూటూత్ మీద ఆటోమేటిగ్గా పంపేవి 2 మెగాపిక్సెల్ బొమ్మలే, రా ఫైళ్లు రావు. వాట్సాప్ గ్రూపుకి పెట్టడానికి బాగుంటుంది, దాచుకోవడానికి కాదు.

గూగుల్‌లోకి ఎక్కిద్దామనీ అనుకోకు. 2021 జూన్ 1 నుంచి ఉచితంగా వచ్చేది మొత్తం 15 జీబీయే, మెయిల్‌తో కలిపి. స్టోరేజ్ సేవర్ పెడితే నీ 24 మెగాపిక్సెల్ ఫొటో 16కి కుదించుకుపోతుంది. అయినా కోటి మంది చేరే చోట నీకు నెట్ అందాలి కదా.

తెనాలి_స్టూడియో | బుధవారం, ఉదయం 10:20

ఇన్ని పోస్టుల్లో మొదటిసారి బావగారి సలహాకి లైక్ కొట్టాను.

నీలిరెక్కలు | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఆ రీడర్ వచ్చాక కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో మీ పాత కార్డులు రెండూ ఒకసారి పరీక్షించండి. కార్డు నిండా రాసి, తిరిగి చదివి చూస్తుంది. ఆ 64 జీబీది కూడా పెట్టి చూడండి, లోపల నిజంగా ఎంతుందో తెలుస్తుంది.

ములుగు_కుర్రాడు | గురువారం, రాత్రి 9:15

చూశాను. 32, 16 రెండూ పాస్. 64 అని అమ్మింది 8 జీబీ లోపే. 8 దాటాక రాసినవన్నీ గాల్లోకే. ఫైన్‌లో 12 ఎంబీ చొప్పున ఆరు వందల యాభై ఫొటోలు, మాస్టారి లెక్క అచ్చంగా సరిపోయింది. పుట్టినరోజు కేకు ఎందుకు సగమైందో ఇప్పుడర్థమైంది.

నిర్ణయం: పగలు లార్జ్ నార్మల్, 32 కార్డు. రాత్రి 12 బిట్ రా, 16 కార్డు ముందు, చాలకపోతే 32లోకి. రోజూ ఫోన్‌లోకి కాపీ. ఆదివారం గట్టమ్మ తల్లి దగ్గర మొక్కి బయల్దేరుతున్నాం.

పలాస_పంతులమ్మ | గురువారం, రాత్రి 9:40

క్షేమంగా వెళ్లి రండి. అమ్మవార్ల ఫొటోలు సరే, ఇంట్లో పెద్దవాళ్లవి కూడా తియ్యి బాబూ. పూజారులు వద్దన్న చోట కెమెరా దించెయ్.

తెనాలి_స్టూడియో | గురువారం, రాత్రి 10:00

బ్యాటరీలు ఎన్ని ఉన్నాయి?

[పన్నెండు రోజుల తర్వాత]

ములుగు_కుర్రాడు | మంగళవారం, రాత్రి 8:50

అందరికీ బెల్లం ప్రసాదం పంచినట్టే అనుకోండి. కాళ్ల వాపు ఇప్పుడే దిగింది, అందుకే ఆలస్యం.

ముందు లెక్కలు. నార్మల్ జేపెగ్‌లు 1,140, మొత్తం ఏడున్నర జీబీ. రా ఫైళ్లు 410, ఎనిమిది జీబీ దాటాయి. అంటే 48లో 32 జీబీ ఖాళీగా ఇంటికి తెచ్చాను. మీరంతా నాలుగు రోజులు కొట్టుకున్నది ఉత్తిదే అయింది :)

తెనాలి అన్నా, మీ చివరి ప్రశ్న చూసేసరికి బస్సులో ఉన్నాను. ఒక్కటే బ్యాటరీ. కంపెనీ వాళ్లు చెప్పేది 970 ఫొటోలు, కానీ నేను మాస్టారి మాట విని కెమెరాలోనే రా ప్రాసెసింగ్ చేస్తూ తెర వెలిగించుకుని కూర్చున్నాను. శుక్రవారం మధ్యాహ్నానికి ఖాళీ. ఈ కెమెరా యూఎస్‌బీతో చార్జ్ అవదు కాబట్టి పవర్‌బ్యాంక్ ఉన్నా దండగే. చార్జర్ పట్టుకుని టీ కొట్టు దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. ఆ టీ కొట్టాయన మూడు చాయ్‌లు తాగితేగాని ప్లగ్ వదల్లేదు.

సారలమ్మ వచ్చిన రాత్రి రా తీసి బతికిపోయాను. ఐఎస్‌ఓ 6400, 35 ఎంఎం. కెమెరాలో చూస్తే మళ్లీ పసుపు ముద్దలే. ఇంటికొచ్చి వైట్ బ్యాలెన్స్ మార్చితే ఒక్కొక్క ముఖం విడివడింది. శివసత్తుల నుదుట కుంకుమ కుంకుమలాగే ఉంది. నీలిరెక్కలు గారూ, దండం. గురువారం సమ్మక్కను చిలకలగుట్ట నుంచి తెచ్చేటప్పుడు మాత్రం తోపులాటలో ఫొటోలు కాదు, చెల్లి చెయ్యి పట్టుకోవడమే సరిపోయింది. అమ్మవారికి గౌరవంగా పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపిన చప్పుడు విన్నాను, తల ఎత్తి చూసే సందు లేదు. జంపన్న వాగులో పగలు తీసిన జేపెగ్‌లు అన్నీ బాగున్నాయి, నార్మల్ అని నాకు నేనే గుర్తు చేసుకుంటే తప్ప తెలియదు.

ఇప్పుడు అసలు తప్పు. పంతులమ్మ మేడం తిట్టకూడదు. శనివారం పొద్దున మా పిన్ని గ్రూపులో పెట్టడానికి చిన్న ఫొటోలు కావాలంటే సైజు స్మాల్‌కి మార్చి నాలుగు తీశాను. మళ్లీ లార్జ్‌కి తిప్పడం మరిచాను. ఆ గంటలోనే మా నానమ్మ బెల్లం ముద్ద నెత్తిన పెట్టుకుని, మొక్కుకి తెచ్చిన ఎదురుకోడి పుంజు రెక్క కొడితే ఉలిక్కిపడి, నోట్లో ఉన్న రెండు పళ్లూ కనిపించేట్టు నవ్వింది. నాలుగు రోజుల్లో ఇంత మంచి ఫొటో ఇంకొకటి లేదు. అది 2992 × 2000.

పలాస_పంతులమ్మ | మంగళవారం, రాత్రి 9:05

అయ్యో బాబూ.

తెనాలి_స్టూడియో | మంగళవారం, రాత్రి 9:12

ఏం అయ్యో? ఫ్రేము నిండా ఉందా నానమ్మ, ఎక్కడో మూలన ఉందా?

ములుగు_కుర్రాడు | మంగళవారం, రాత్రి 9:14

నిండా ఉంది అన్నా. 35 ఎంఎం, ఎదురుగా నిలబడి తీశాను. కత్తిరించే పని లేదు.

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 9:20

2992ని 12తో భాగిస్తే 249. 8×12 ప్రింటుకి అంగుళానికి దాదాపు 250 పిక్సెళ్లు. చెయ్యి చాచి పట్టుకుని చూస్తే 300కి, దానికి తేడా ఎవరికీ తెలియదు. 12×18 మాత్రం వద్దు.

తెనాలి_స్టూడియో | మంగళవారం, రాత్రి 9:26

ఒరిజినల్ ఫైలు నాకు మెసేజ్‌లో పంపు. వాట్సాప్‌లో ఫొటోగా పెట్టకు, అది ఇంకా కుదిస్తుంది, డాక్యుమెంట్‌గా పెట్టు. 8×12 వేసి కొరియర్ చేస్తాను. డబ్బులు వద్దు, బెల్లం పంపు. గ్లాసీనా, మ్యాటా?

ములుగు_కుర్రాడు | మంగళవారం, రాత్రి 9:31

మ్యాట్ అన్నా. నానమ్మ రోజుకి పదిసార్లు ముట్టుకుని చూస్తుంది, గ్లాసీ అయితే వేలిముద్రలు పడతాయి.